కొలంబో ఒడ్డున ఆ సాయంత్రం

పెళ్లికి ముందు మా ఆయన కొలంబోలో రెండేళ్లు గుమాస్తాగా పనిచేశారు. ఆళ్లగడ్డలో బట్టల అంగడి పెట్టుకున్నాక కూడా ఆ ఊరి పేరెత్తితే ఆయన ముఖం వెలిగేది. 1956 వేసవిలో నన్నూ, ఆరేళ్ల మా పద్మనూ వెంటబెట్టుకుని బయలుదేరారు. కుందేరు తప్ప ఏ నీళ్లూ దాటనిదాన్ని. పాస్‌పోర్టులు చేతికొచ్చినప్పటి నుంచే నాకు నిద్ర కరువైంది.

పొద్దున్నే బస్సులో నంద్యాల చేరి రైలెక్కాం. పెట్టెలో దొర్నిపాడు రైతు ఒకాయన పలకరించాడు.

"యాడికి పోతాండారప్పా?"

"కొలంబోకు," అన్నారు మా ఆయన.

"సముద్రం దాటల్ల గదా! పసిబిడ్డను ఎత్తుకోని పోతారా?"

మా ఆయన నవ్వారు. నేను పద్మను ఒడిలోకి లాక్కున్నాను.

గుంతకల్లులో బండి మారి మద్రాసు, అక్కడి ఎగ్మూరు స్టేషనులో ఓడరేవుకు పోయే బోట్ మెయిలెక్కి మర్నాడు మధ్యాహ్నానికి ధనుష్కోటి. కట్టుకొచ్చిన చిత్రాన్నం అక్కడితో అయిపోయింది. స్టీమరు కదలగానే కళ్లు మూసుకున్నదాన్ని తలైమన్నారులో దిగేదాకా తెరవలేదు. అక్కడ మళ్లీ రైలు, తెల్లవారితే కొలంబో.

ఊరు ఆయన చెప్పినట్టే ఉంది. పైనున్న కరెంటు తీగలను పట్టుకుని నడిచే బస్సులు, తెల్లటి మేడలు, వాననీళ్లతో కడిగినట్టున్న వీధులు. ఒక తమిళ వర్తకుడి మేడమీద గదిలో దిగాం. రెండు రోజులు నా భయం కొంత తగ్గింది.

మూడో సాయంత్రం సముద్రపు ఒడ్డుకు పోయాం. గాలిపటాల సందడిలో నేను పైకి చూస్తూ నిలబడ్డాను. కిందికి చూస్తే పద్మ లేదు. నీళ్ల అంచున దాని చెప్పులు మాత్రం కనిపించాయి.

"పద్మా!" అని కేక పెట్టి ఆయన పంచె తడవడం కూడా చూసుకోకుండా నీళ్లలోకి దిగిపోయారు. ఆయనకు ఈత రాదు. నడుము దాటి, రొమ్ము దాటి నీళ్లు వచ్చాయి. ఒక అల తగిలి తల మునిగింది. నేను నాకొచ్చిన తెలుగులోనే అరిచాను. పడవ దగ్గరున్న ఇద్దరు జాలరులు ఉరికి ఆయన్ను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు.

ఇసుక మీద ఆయన నీళ్లు కక్కుతుండగా వెనక నుంచి పద్మ గొంతు వినిపించింది. "నాయన యాల తడిసినాడమ్మా?" దాని చేయి పట్టుకుని గాలిపటాలమ్మే ముసలాయన నిలబడి ఉన్నాడు. చెప్పులు విప్పేసి గాలిపటాల వెంట పోయిందట. నేను దాన్ని కొట్టానో, ముద్దుపెట్టుకున్నానో నాకే తెలియదు.

తిరుగు ప్రయాణంలో స్టీమరు మీద ఆయన అడిగారు.

"నేను పోయింటే, నువ్వు బిడ్డనెత్తుకోని ఊరికెట్ల వచ్చేదానివే?"

ఏ రైలు ఎక్కామో, ఎక్కడ మారామో, ఎవరిని ఏమని అడగాలో నాకు ఒక్కటీ తెలియదు. మునిగిన ఆయన తల కంటే ఆ మాటే నన్ను ఎక్కువ వణికించింది.

"చెప్పు, దావ నేర్చుకుంటా," అన్నాను.

ధనుష్కోటి నుంచి ఒక్కో స్టేషనూ చెప్పించుకున్నాను. కొలంబో మంచి ఊరే, పోగలిగినవాళ్లు చూసి రండి. కానీ ఇంటి దావ ఒక్కరికే తెలిసి ఉండకూడదు. నంద్యాలలో దిగాక ఆయన బస్సు వైపు నడవబోతుంటే ఆపాను. కండక్టరు దగ్గరికి నేనే పోయి, "ఆళ్లగడ్డకు టికెట్లియ్యి నాయనా," అన్నాను.