నారుమళ్ళకు మూడో నంబరు

ఉద్యోగ విరమణకు ముందు నా చివరి పోస్టింగు భీమునిపట్నం మండలం. హోదా ఉద్యాన అధికారి. పైన సహాయ సంచాలకులు, కింద గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకులు. పైమాట కిందికి, కిందిమాట పైకి మోసేది మేము. విశాఖ ద్వారకా నగర్ కాంప్లెక్సులో బస్సెక్కి రోజూ వెళ్ళి వచ్చేదాన్ని. చేరింది జూన్ నెలలో. ఈ సంగతి అదే ఏడాది అక్టోబరులో, వాయుగుండాల రోజుల్లో జరిగింది.

ఆ రోజుల్లో మా పనుల్లో ముఖ్యమైనది కూరగాయల నారుమళ్ళను కాపాడటం. ఎదిగిన మొక్క గాలికి ఒరిగినా లేచి నిలబడుతుంది. వేలెడు నారు గట్టి వాన పడితే మట్టిలో కలిసిపోతుంది. అందుకని నారు ఎత్తుమడుల మీద పోయించి, మడికీ మడికీ మధ్య నీరు పోయే కాలువ తీయిస్తాం. తుఫాను హెచ్చరిక రాగానే వెదురు బద్దలు వంచి మడికి అడ్డంగా గుచ్చి, వాటి మీద పాలిథిన్ పట్టా కప్పిస్తాం. గాలి కొట్టని వైపు అంచు కాస్త ఎత్తి ఉంచాలి. వాన వెలిసిందంటే పట్టా తీసెయ్యాలి. కప్పి ఉండగా ఎండ కాస్తే లోపల ఆవిరి పట్టి, మొదలు మెత్తబడి మొక్కలు వాలిపోతాయి. దాన్నే నారుకుళ్ళు అంటాం.

తీరానికి దగ్గరలో కౌలు నేల మీద అప్పన్న అనే యువకుడు నారు పోశాడు. వాళ్ళది తరతరాలుగా సముద్రపు వేట మీద బతికిన ఇల్లు. అక్కడ రేవులో ప్రమాద సూచిక పెట్టడాన్ని ‘నంబరు ఎగరేశారు’ అంటారు. నంబరు దించేదాకా పడవ తియ్యకూడదు. కొన్నేళ్ళ కిందట అప్పన్న వాళ్ళ అన్న ఎండ కాసింది కదా అని, నంబరు దించకముందే పడవ తీశాడు. మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాత తల్లి పోలమ్మ పట్టుబట్టి పడవ అమ్మించేసింది. చిన్నకొడుకును నేల పనికి తిప్పింది.

అప్పన్న భార్య గౌరి ఆనందపురం వైపు కూరగాయల రైతుల పిల్ల కాబట్టి నారు పని ఆమెకు తెలుసు. టమాటా, వంగ నారు ఇంకొన్నాళ్ళలో పీకి నాటడానికి సిద్ధం. కొనే రైతులు కూడా ముందే చెప్పి ఉంచారు. ఆ నారు చేతికొస్తే అప్పన్న నేల మీద నిలబడతాడు. రాకపోతే మళ్ళీ వేటకే పోవాలి. ఆ మాట ఆ ఇంట్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

మూడో నంబరు ఎగరేసిన రోజు పైనుంచి మాకు ఫోన్లో సందేశం వచ్చింది. మళ్ళన్నీ కప్పించాలి, ఫొటోలు పంపాలి. మా శాఖలో ఫొటో లేని పని పనే కాదు. నేను వెళ్ళేసరికి అప్పన్న పట్టా మీద పాత వల పరిచి, చుట్టూ ఇసుక మూటలు పేర్చి, పడవను ఒడ్డున కట్టినట్టు తాళ్ళతో బిగించేస్తున్నాడు. చీమ దూరే సందు లేదు. పడమటి వైపు అంచు వదులు చేయించి, వాన వెలియగానే మొత్తం విప్పమని చెప్పి, ఫొటో తీసుకుని వచ్చేశాను. రాత్రి గాలి పెరిగితే ఆ అంచు కూడా పోలమ్మ బిగించేసిందని తర్వాత తెలిసింది.

అప్పటికి నాకు వేరే ఊళ్ళో తుఫాను షెల్టరు డ్యూటీ వేశారు. మా ఉద్యాన సహాయకురాలికీ అదే డ్యూటీ. మళ్ళు చూడటానికి శాఖలో మనిషే మిగల్లేదు. వాయుగుండం మాత్రం దారి మార్చుకుని ఒడిశా వైపు పోయింది. తెల్లారేసరికి మాకు ఫెళ్ళున ఎండ. సముద్రం ఇంకా పోటెత్తి ఉంది కాబట్టి నంబరు దించలేదు.

వెంటనే అప్పన్నకు ఫోన్ చేశాను. గౌరి ఎత్తింది.

“నానూ అదే సెప్తన్నాను మేడంగోరూ. అత్త ఇంటంలేదు. మడి గట్టు మీద కూకుండిపోనాది. ఆయన తాడు ముట్టుకుంటే ఏడుస్తంది.”

పోలమ్మకు ఫోన్ ఇమ్మన్నాను. ఆ నంబరు సముద్రానికేననీ, నేల మీద భయం లేదనీ చెప్పాను.

“గాలొకటే కదమ్మా, నేలకీ సముద్రానికీ,” అంది ఆమె. “నా పెద్దోడు కూడా ఎండ సూసే ఎల్లాడు. నంబరు దించనీ. నానే ఇప్పుతాను.”

ఎండ చూసి బయల్దేరిన కొడుకును పోగొట్టుకున్న తల్లితో ఎండ కాసింది కదా అని వాదించడం నాకు చేతకాలేదు. అప్పన్న కూడా తల్లి మాట దాటలేదు. ఆ రోజూ, మర్నాడూ పట్టా అలాగే ఉంది.

నంబరు దించాక నాకు డ్యూటీ వదిలారు. నేను చేరేసరికి పోలమ్మ తాళ్ళు విప్పుతోంది. పట్టా ఎత్తగానే వేడి ఆవిరి, కుళ్ళు వాసన ముఖానికి కొట్టాయి. నారంతా పాలిపోయి, మొదళ్ళు నీరుకారి, తడిసిన దారాల్లా మడికి అంటుకుపోయింది. మందు పోసి నిలబెట్టే దశ దాటిపోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. అది కళ్ళముందు కనబడుతుంటే నోరెత్తి అనడానికి ఎవరికీ మనసొప్పలేదు.

“తుఫాను రాలేదు కదమ్మా,” అంది పోలమ్మ నా వైపు చూసి. “మరి ఇయ్యి ఏటికి సచ్చిపోనాయి?”

ఊపిరాడక అని చెప్పాను. తుఫాను రాని చోట పరిహారానికి తుఫాను నష్టం రాసే వీలు మా నిబంధనల్లో లేదు. ఆ నెల తిరక్కుండానే అప్పన్న ఫిషింగ్ హార్బరులో పరాయి బోటు మీద కూలికి, కళాసీగా చేరాడు. అతన్ని సముద్రం నుంచి కాపాడాలని తల్లి చేసిన పనే అతన్ని అక్కడికి పంపింది. నన్ను ఇప్పటికీ బాధించేది అదే.

కొన్నాళ్ళకు భీమునిపట్నం బస్టాండులో పోలమ్మ కనబడింది. అప్పన్న ఎలా ఉన్నాడని అడిగాను. వేటకెళ్ళాడంది. ఆ వారమంతా సముద్రం బాగాలేదు. నా ముఖంలో ఏం కనబడిందో, తనే మళ్ళీ అంది.

“నంబరు దించినాకే ఎల్లాడమ్మా.”

ఆమె తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. నంబరు ఎగరేసిన రేవే నంబరు దించుతుంది. అందుకే జాలర్లు దాన్ని నమ్ముతారు. మా శాఖ కప్పమని చెప్పి, ఫొటో తీసుకుని, అంతటితో ఊరుకునేది. విప్పమని మా వైపు నుంచి ఓ మనిషి వచ్చి మడి దగ్గర నిలబడే ఏర్పాటు లేదు. ఆ తర్వాత నా సర్వీసు ఉన్నంతకాలం, కప్పమని చెప్పిన ప్రతి ఊళ్ళోనూ విప్పించే మనిషిని కూడా ముందే నిర్ణయించి, ఆ మనిషికి షెల్టరు డ్యూటీ పడకుండా పైవాళ్ళతో పోట్లాడేదాన్ని. హెచ్చరిక ఇచ్చినవాళ్ళే దాన్ని దించాలి. నేను రిటైరయ్యే నాటికి అప్పన్న ఇంకా ఆ బోటు మీదే ఉన్నాడు.