బడికి బెండకాయలు తెచ్చిన రైతు

విశాఖ శివార్లలోని మా బడిలో మధ్యాహ్న భోజనానికి కూరగాయలు పక్క ఊరి రైతే తెచ్చేవాడు. బుట్ట దించగానే ఒక బెండకాయ విరిచి నోట్లో వేసుకునేవాడు. "పిల్లలు తినేది కదా టీచరమ్మా, ముందు నాను తినాల," అనేవాడు నవ్వుతూ.

ఒకరోజు పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు. వంటావిడ కూర వడ్డించబోతుంటే అతను రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆ కూర ఎట్టకండమ్మా! పారబోసీండి. మా నూతిలో నీళ్ళు రంగు మారిపోనాయి. పొద్దున్న అవి తాగి మా దూడ పడిపోనాది."

అతని చేను పక్కనే మందుల కంపెనీ ఉంది. మేము కూర పారబోసి, పిల్లలకు చారన్నం, గుడ్లు పెట్టాం.

ఆ తర్వాత అతను కూరగాయలు తేలేదు. కానీ రోజూ భోజనాల వేళకి గేటు దగ్గరికొచ్చి నిలబడేవాడు. "ఎవలికైనా కడుపునొప్పి వచ్చిందేటి?" అని అడిగేవాడు. ఎవరికీ రాలేదని చెప్పినా మర్నాడు మళ్ళీ వచ్చేవాడు.

చివరికి నేనే అడిగాను. "మరి మీ ఇంట్లో నీళ్ళకి ఏం చేస్తున్నారు?"

"మాకు ఇంకో నుయ్యి లేదు టీచరమ్మా. కాసి తాగతన్నాం."

మర్నాడు ఇంకా బడి వయసు రాని కూతుర్ని ఎత్తుకొచ్చి, పిల్లల వరస చివర కూర్చోబెట్టాడు.

"దీనికి అన్నం ఒద్దమ్మా. గ్లాసుడు నీళ్ళియ్యండి, సాలు."

ఆ పిల్ల రెండు చేతులా గ్లాసు పట్టుకుని గటగటా తాగిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.