సమాధానం మేస్త్రీ వేసిన పైకప్పు

పులికాటు సరస్సు ఒడ్డున సమాధానం మేస్త్రీ కట్టిన పడవలు ఎన్నో ఆయనకే తెలియదు. పైకప్పు మాత్రం ఒకే ఒక్కటి వేశాడు. ఎవరైనా కదిలిస్తే పడవల ఊసు రెండు ముక్కల్లో తేల్చేసి, ఆ కప్పు కథకు మాత్రం చాప పరుచుకుని కూర్చునేవాడు.

అది పంతొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం, ఏప్రిల్ నెల. భార్య ఎస్తేరమ్మ కడుపులో కణితి ఉందని, కోసి తీయాల్సిందేనని, సూళ్లూరుపేట దాపున ఉన్న మిషను ఆసుపత్రిలో డాక్టర్ ఎలిశబెతు గారు తేల్చారు. "కానీ ఇక్కడ వద్దు, మద్రాసు తీసుకెళ్ళండి" అన్నారు.

"నేను పోను" అంది ఎస్తేరమ్మ. "ఆడికి పోతే నొప్పెట్టినా అరవంలో అరవాల. కోస్తే ఈయమ్మే కొయ్యాల, లేకుంటే కణితితోనే పోతా."

ఎందుకు వద్దన్నారో మేస్త్రీ ఆరా తీశాడు. తప్పంతా ఆపరేషన్ గది కప్పుది. పైన పెంకులు, వాటి కింద దుమ్ము రాలకుండా కట్టిన తెల్లగుడ్డ, నడుమ వేలాడే బల్బు. బల్బు మాడినప్పుడల్లా వాచ్‌మన్ హజరత్తయ్య గదిలోకి నిచ్చెన తెచ్చి ఎక్కేవాడు. ఆయన తలపాగా తగిలి గుడ్డలో పేరుకున్న సరుకంతా బల్ల మీద కురిసేది. ఆపైన రెండు రోజులు గది మూసి కడగడమే పని. పోయిన నెలలో ఆపరేషన్ జరుగుతుండగానే బల్లి పడింది. రోగి బతికాడు గానీ, డాక్టరమ్మ గదికి తాళం వేసేశారు. చెక్క సీలింగు వేయమంటే, పలకల మధ్య సందు రాకుండా తమవల్ల కాదని ఊరి వడ్రంగులు చేతులెత్తేశారు.

మేస్త్రీ గుమ్మంలో నిలబడి పైకి చూశాడు.

"అమ్మా, నేను నీళ్ళే దూరకుండా చేసేవోణ్ణి. దుమ్ము నాకొక లెక్కా? దీన్ని ఇల్లనుకోబట్టి వాళ్ళకు చేతకాలా. ఇది పడవమ్మా. గాల్లో కట్టాల, అంతే."

డాక్టరమ్మకు నవ్వొచ్చింది. కానీ షరతులు మాత్రం గట్టిగానే పెట్టారు. పైనుంచి నలకైనా రాలకూడదు. కింది వైపు దూలం గానీ అంచు గానీ ఉండకూడదు, ఉంటే దుమ్ము కూర్చుంటుంది. బల్బు మాడితే మనిషి గదిలో అడుగు పెట్టకుండా మార్చగలగాలి. చివరిది ఆయన అడక్కముందే చెప్పారు: "చేపనూనె పూయకూడదు."

"చేపనూనె లేని చెక్క చెక్కేనా అమ్మా?" అని మేస్త్రీ గొణిగాడు గానీ, అవిసెనూనెకు ఒప్పుకున్నాడు.

పడవకు వేసినట్టే పక్కటెముకల్లా వాసాలు వేసి, వాటికి కింది వైపున పలకలు బిగించాడు. సందుల్లో నూలు కూరి, గుగ్గిలం కాచి పోశాడు. కింద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు లాగితే ఎక్కడా గోటికి అంచు తగలలేదు. దీపాలకని నాలుగు చదరపు కంతలు కోసి, మందపాటి అద్దాలను పైవైపు నుంచే కూర్చోబెట్టి లప్పం పెట్టాడు. ఒక్కో అద్దం మీద ఒక్కో డబ్బా బోర్లించి బిగించాలి, డబ్బాకు మూత ఉండాలి, మూతకే బల్బు ఉండాలి. ఆ పని రేకుల డబ్బాలు చేసే చోటే సాహెబ్‌కు పడింది.

"మూతకు బల్బేంది మేస్త్రీ? నాయన కాలం నుంచి చేస్తుండా, ఇట్టాంటి డబ్బా ఎవురూ అడగలా" అన్నాడు సాహెబ్.

"వంటింట్లో కూర డబ్బా మూత తీస్తావే, అట్టా తియ్యాల సాయిబన్నా. మాడింది ఊడదీసి, కొత్తది బిగించి, మూత పెట్టేసి దిగిపోవాల. కిందోళ్ళకు తెలియనే కూడదు."

"లోపల తళతళలాడే రేకు వేస్తా. వెలుగంతా కిందికే కొడుతుంది. నీ పేరొస్తే నాకూ కొంచెం పంచు."

బయటి గోడకు నిచ్చెన, గోడ నెత్తిన చిన్న తలుపు, లోపల వాసాల మీదుగా నడవడానికి ఒక పలక. అంతా అయింది. శనివారం డాక్టరమ్మ వచ్చి చూసి, "చాలా బాగుంది మేస్త్రీ గారూ. సోమవారం పొద్దున్నే మీ ఆవిడకు ఆపరేషన్" అన్నారు.

"ఇంకా కాలేదమ్మా. నీళ్ళు పొయ్యాల."

నీళ్ళు పోసి చూడనిదే ఏ పడవా ఆయన చేతిలోంచి బయటికి పోదు. నిండా పోస్తాడు, అడుగున చుక్క కనబడితే అక్కడ మళ్ళీ నూలు కూరతాడు. తండ్రి నేర్పిన పద్ధతి. డాక్టరమ్మ మాత్రం అదిరిపడ్డారు. "ఆపరేషన్ గది నెత్తిన నీళ్ళా? ఆ మాటే ఎత్తకండి!"

మేస్త్రీ ఎత్తలేదు. కానీ ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ముక్కూ మొహం తెలియని జాలరి ఎక్కే పడవకే నీళ్ళు పోసి చూసే మనిషి, సొంత భార్య పడుకునే గదికి చూడకుండా ఎలా ఊరుకుంటాడు?

ఆదివారం డాక్టరమ్మ ఆరాధనకు వెళ్ళగానే హజరత్తయ్యను బతిమాలి మెయిన్ స్విచ్ తీయించి, బల్బుల మూతలన్నీ ఎత్తి పక్కన పెట్టి, ఇద్దరూ ముప్పై బిందెలు మోశారు. బొటనవేలి మందాన నీళ్ళు నిలిచాయి. మేస్త్రీ కిటికీలోంచి తొంగి చూశాడు. చుక్క లేదు. ఒళ్ళు పులకరించింది.

"సరేన్నా" అన్నాడు హజరత్తయ్య రొప్పుతూ. "ఇప్పుడీ నీళ్ళు ఎట్టా పోతాయి?"

పడవకైతే అడుగున బిరడా ఉంటుంది, పీకితే సరి. లేదంటే నలుగురు పట్టి ఒరగదోస్తారు. ఈ పడవకు బిరడా పెట్టలేదు. ఒరగదోయడమంటే ఆసుపత్రినే ఒరగదోయాలి.

చేసేది లేక చెంబులతో తోడడం మొదలుపెట్టారు. ఆ చప్పుడుకు వార్డులోంచి ఎస్తేరమ్మ కడుపు పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏమయ్యా, గుడికి పోకుండా ఇదా నువ్వు చేస్తుండేది? రేపు నన్ను కోస్తారా, ఈదమంటారా?"

"నీ కోసమేనే."

"నా కోసమైతే నన్ను అడగొద్దా?"

అప్పుడే డాక్టరమ్మ గేటు దాటి వచ్చారు. నిచ్చెన మీద హజరత్తయ్యను, అతని చేతిలో చెంబును, గోడ నెత్తిన మేస్త్రీ తలను చూశారు. తాళం తీసి గదిలోకి వెళ్ళారు. మేస్త్రీ దిగి వెనకాలే వెళ్ళాడు, ఇక ఆపరేషన్ పోయినట్టేననుకుంటూ.

కప్పంతా పొడిగా ఉంది. కానీ బల్ల మధ్యలో, రూపాయి బిళ్ళంత తడి. పైన మూడో అద్దం అంచున మరో చుక్క వేలాడుతోంది.

ఆమె ఆ చుక్క కేసి వేలు చూపారు. "అంటే, ఇక్కడి నుంచి దుమ్ము రాలి ఉండేదన్నమాట. తెరిచిన కడుపులోకి."

"లప్పం నాదేనమ్మా. తప్పు నాదే."

"ముందు నీళ్ళు తీద్దాం. చెంబులేమిటి మేస్త్రీ గారూ? రోగి కడుపులో నీరు చేరితే చెంబులతో తోడతామా?" అని రెండు పొడవాటి రబ్బరు గొట్టాలు తెప్పించారు. వాటిని నీళ్ళతో నింపి, కొసలు నొక్కి పట్టుకుని, ఒక కొస పైనున్న నీళ్ళలో ముంచి, రెండోది గోడవతల కిందికి వదలమన్నారు. నీళ్ళు వాటంతట అవే ధారగా దిగాయి. నీళ్ళు పోయాక మేస్త్రీ మిగిలిన తడిని గోనెలతో అద్దాడు. పెంకుల కింది వేడికి సాయంత్రానికి అంతా ఆరింది. మూడో అద్దానికి గుగ్గిలం పోసి, ఈసారి దాని చుట్టూ మాత్రమే ఒక చెంబు నీళ్ళు పోసి చూశాడు. డాక్టరమ్మ పక్కనే నిలబడి చూశారు. రాత్రి సిబ్బంది గదిని మళ్ళీ కడిగారు.

సోమవారం పొద్దున పైన ఉంటానని మేస్త్రీ పట్టుబట్టాడు. "కిందికి చూడకూడదు" అని డాక్టరమ్మ మాట తీసుకున్నారు. సగం ఆపరేషన్‌లో రెండో బల్బు మాడింది. ఆయన పలక మీద పాకుతూ వెళ్ళి, మూత ఎత్తి, కొత్తది బిగించి పెట్టేశాడు. కింద ఎవరూ తలెత్తలేదు. డాక్టరమ్మ "కత్తెర" అన్నారు, అంతే.

కణితి బత్తాయంత ఉందట. మూడో రోజుకు ఎస్తేరమ్మ గంజి తాగి, మొగుడి కేసి తిరిగింది.

"బల్బు నువ్వే మార్చినావంట గదా. అద్దంలోంచి నా కడుపు చూసినావా?"

"లేదు. కళ్ళు మూసుకున్నా."

"కళ్ళు మూసుకుని బల్బెట్టా బిగించినావయ్యా?"

మేస్త్రీ మాట మార్చడానికి సీలింగు కోసం పైకి చూశాడు. వార్డుకు పెంకులే తప్ప సీలింగు లేదు. ఎస్తేరమ్మ నవ్వబోయి, కుట్లు లాగితే "అబ్బా" అని, కడుపు పట్టుకుని మళ్ళీ నవ్వింది.