బాపు మీద కప్పిన బట్ట

ఇంటి వెనక జామ మొక్క పెడదామని బాపు గుంత తవ్వితే, ఎన్నేళ్ళ కిందో పారేసిన పాలిస్టర్ పీలికలు బయటపడ్డాయి. రంగు కూడా పోలేదు. సిరిసిల్లలో సగం జీవితం చేతిమగ్గం మీద నూలు, మిగతా సగం కరెంటు సాంచె మీద పాలిస్టర్ నేసిన మనిషి ఆయన. ఆ పీలికలు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"బిడ్డా, నన్ను బొందపెట్టేటప్పుడు నూలు బట్టనే కప్పుండ్రి. సిమెంటు గద్దె గిట్ల కట్టకుండ్రి. జెప్పన మట్టిల కలవాలె నేను" అన్నాడు. సరేనని మాటిచ్చాను.

ఆయన పోయిన కబురు రాగానే నేనుండే కోరుట్లలో దుకాణం తెరిపించి తెల్ల ధోవతి కొన్నాను. బస్సులో కుదురుగా కూర్చుంటే ఒట్టు. వేములవాడ దాటేదాకా సంచి విప్పడం, ధోవతి తడమడం, మళ్ళీ మూయడం, ఇదే పని.

ఇంటికి చేరాక పక్కింటి ముసలి నేతగాడు ధోవతి అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించాడు. నూలైతే బూడిదవుతుంది. అది కరిగి నల్లగా ముద్దకట్టింది.

"నేతోళ్ళ బిడ్డవు, పోగు గుంజి చూడకుంటనే కొన్నవా?"

తల తీసేసినట్టయింది. దుకాణం వాడి మీద కోపం, నా మీద అంతకు రెట్టింపు కోపం.

అప్పటికే చుట్టాలు తెచ్చిన బట్టలు బాపు మీద ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. మాలో కొత్తబట్ట లేకుండా చావింటికి ఎవరూ రారు. ఒక్కొక్కదాని పోగు తీసి అంటించి చూశాను. ఒక్కటీ నూలు కాదు. చివరికి బాపు కట్టి విడిచిన నూలు పంచె, ఉతికి పెట్టినది, బీరువాలోంచి తీశాను.

బాపు చెల్లె, మా మేనత్త, నా చెయ్యి పట్టుకుంది. "మా అన్నకు పాత బట్టనా? ఊరంత నవ్వుతది బిడ్డా."

నేను మొండిదాన్ని. బొంద దగ్గర అందరి బట్టలూ తీయించాను. అత్త కప్పినది మాత్రం నా చేత్తోనే గుంజి తీశాను. పాత పంచెతోనే బాపు మట్టిలోకి దిగాడు. గద్దె కట్టనివ్వలేదు. ఇప్పుడు అక్కడ గడ్డి మొలిచింది.

అయినా మనసు ఒకచోట నిలవలేదు. నెల మాసికం నాడు అత్త వచ్చి, నేను గుంజి తీసిన ఆ బట్టను సంచిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"అత్తమ్మా, గది మట్టిల కలవది. బాపే వద్దన్నడు" అన్నాను, ఆమె అడగకముందే.

"నాకు ఎరుకనే. మీ బాపుకు పానం బాగలేనప్పటి సంది ఆయిన సాంచె నేనే నడిపిన. ఆయిన పక్కన కూసొని పోగులు అతికిచ్చిండు. మేమిద్దరం కల్సి నేసిన ఆఖరు బట్ట గిదే. తీసేముందు ఎవలు నేసిన్రని ఒక్క మాట అడగకపోతివి."

బట్ట కోసం చెయ్యి చాచాను. అత్త దాన్ని మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకుంది.