నడిసముద్రంలో ఒక వంపు

దర్జీ మాటల్లో సగం పెదవుల మధ్య గుండుసూదులకే పోతాయి. కొలతలు తీస్తూ కిటికీలోంచి రేవు వైపు చూస్తాడు. అక్కడ తన పాత తెరచాప పడవ ఊగుతుంటే చేతిలో టేపు కూడా ఊగుతుంది. ఈ యేడు దుకాణం మూసి, భార్యతో దీవుల దాకా వెళ్ళాలని కోరిక. తెరచాప తనే కుట్టుకున్నాడు, లేనిదల్లా సముద్రపు పటాలు. కొత్తవాటి ధర విని కళ్ళు తేలేశాడు. చివరికి పాత ఓడల సామాను అమ్మే కొట్లో, వాడేసిన పటాలు చౌకగా దొరికాయి. వాటి నిండా ఎవరెవరో పోయిన దారులు, పెన్సిల్ గీతలు. కుట్టు పూర్తయ్యాక సుద్దగీత దులిపేసినట్టే, పటాన్ని కత్తిరింపు బల్ల మీద పరిచి, ఆ గీతల్ని రబ్బరుతో ఓపిగ్గా చెరుపుతాడు, ఉఫ్‌మని ఊదుతాడు. ఎదురుగా భార్య కాజాలు కుడుతుంటుంది.

ఒక సాయంత్రం చెయ్యి ఆగిపోయింది. తిన్నగా పోతున్న గీత ఒకటి నడిసముద్రంలో ఉన్నట్టుండి పక్కకి వంగి, మళ్ళీ దారిలో పడింది. పటంలో అక్కడ లోతు అంకెలు తప్ప రాయీ లేదు, తిప్పా లేదు.

"ఏదో గండం చూసి తప్పుకున్నాడే. మనమూ అటు పోవద్దు," అన్నాడు నోట్లో సూదులు తీసి.

భార్య లేచి వచ్చి ఆ వంపును వేలితో నిమిరింది.

"భయపడ్డ చెయ్యి ఇంత నున్నగా గీస్తుందా? ఏదో చూడ్డానికే వెళ్ళాడండీ."

దర్జీ మళ్ళీ రబ్బరు అందుకున్నాడు. తిన్నని గీతంతా చెరిపేసి, వంపు ఒక్కటీ ఉంచాడు. చెవి మీది పెన్సిల్ తీసి, రేవు నుంచి ఆ వంపు దాకా తన గీత గీశాడు. అది ఆ వంపంత నున్నగా రాలేదు.