జాకెట్ల కొట్లో కేటలాగు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం కూడా ఒకటి ఉంటుందని నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళప్పుడు చాలామందికి వచ్చే జబ్బే అది, నాకు కాస్త ముదిరింది. లైబ్రరీ సైన్సులో పట్టా చేతికొచ్చింది. కంప్యూటర్ మీద పది వేళ్ళతోనూ టకటకా టైపు చెయ్యడం వచ్చు. మెట్టకూరులో మా వీధిలో ఎవరు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలన్నా నన్నే పిలిచేవారు. ఇంక చూస్కోండి నా వైభోగం! “నేల మీద నడవ్వే తల్లీ, నేల మీద” అని మా అమ్మ మొత్తుకునేది. ఇప్పుడు ఆ పిల్ల కనిపిస్తే ముందు ఒక మొట్టికాయ వేసి, వెంటనే జాలేసి ఒక కాజా చేతిలో పెడతాను.

అలాంటి వైభోగంలో ఉండగా యానాంలో ఒక కాలేజీ లైబ్రరీలో నాకు కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. కేటలాగంతా కంప్యూటర్లోకి ఎక్కించాలి, పాత పుస్తకాలు స్కాన్ చెయ్యాలి, అదీ పని. అక్కడి లైబ్రేరియన్ గారిని అందరూ మాస్టారనేవారు (ఆయన ఏ క్లాసుకీ ఏనాడూ పాఠం చెప్పలేదు, అయినా ఆ పిలుపు ఆయనకి అతికినట్టుండేది). సన్నగా, నెమ్మదిగా ఉండేవారు. నేను చేరేనాటికి రిటైర్ కావడానికి ఆర్నెల్లుంది. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా ఒక టేకు బీరువా, దానికి నిండా చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగులో ఇనుప కడ్డీకి గుచ్చిన అట్ట కార్డులు. పుస్తకానికొక కార్డు. కార్డు మీద పుస్తకం పేరూ, రాసినవారి పేరూ, నెంబరూ ఉంటాయి. కింద నడిమధ్య కడ్డీ దూరడానికి ఒక కన్నం. ఎవరైనా పిల్లలొచ్చి “వరదల గురించి ఏవైనా ఉందాండీ?” అనడిగితే మాస్టారు సొరుగు లాగి, ఒక కార్డు ముందుకి వాల్చి, దానివంక చాలాసేపు చూసి, అప్పుడు లేచి వెళ్ళి పుస్తకం తెచ్చిచ్చేవారు. పాపం, ముసలాయనకి నెంబరు ఆనడం లేదు కాబోలు, అందుకే అంతసేపు అనుకునేదాన్ని.

మూడు నెలలు దీక్షగా కూర్చుని ఆ కార్డులన్నీ ఎక్కించేశాను. కడ్డీలు ఊడదీసే పని లేకుండా, కార్డులు ఒక్కొక్కటే వాలుస్తూ, పైన ఉన్నది చూస్తూ టైపు చేసుకుంటూ పోయాను. వెనకవైపు పెన్సిల్ రాతలేవో ఉన్నట్టు నా కళ్ళకి కనబడకపోలేదు. పాతకాలం వాళ్ళు ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ లెక్కలు రాసుకుంటారు కదా, అవే అనుకున్నాను. ఆ తర్వాత మాస్టారు శుక్లాల ఆపరేషన్ కోసం కాకినాడ వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, “కార్డులు మటుకు అలాగే ఉంచమ్మా, నేనొచ్చాకా ఓసారి కూర్చుని చూసుకుందాం” అన్నారు. “ఆయ్, అలాగేనండి” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందే గాని నా బుర్రలోకి ఎక్కలేదు.

ఆయనటు వెళ్ళారో లేదో ప్రిన్సిపాల్ గారు వచ్చారు. డిజిటల్ లైబ్రరీ ప్రారంభోత్సవానికి పెద్దవాళ్ళెవరో వస్తున్నారట, హాల్లో కంప్యూటర్లు వరసగా పెట్టాలట. “ఈ బీరువా ఇంకా అవసరమేనామ్మా?” అనడిగారు. ఉంచమన్నారండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. అన్నానా? అబ్బే! “అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి సార్, కార్డులతో ఇంక పనే లేదు” అని గర్వంగా చెప్పాను. మర్నాడే బీరువా స్టోర్ రూముకి చేరింది. కార్డులు మాత్రం నాలుగు గోనెసంచుల్లో మిగిలాయి. పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు (అంతమాత్రం మంచిదాన్నే). అప్పుడు మా టైలరు మావయ్య గుర్తొచ్చాడు.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. ఫరంపేటలో ఆడవాళ్ళ జాకెట్లు కుట్టేవాడు. చెయ్యి తిరిగిన పనివాడే, కాని ఆయన బాధంతా చీటీలతో. జాకెట్టు ముక్కకీ, కొలత కోసం ఇచ్చిన ఆది జాకెట్టుకీ కలిపి ఒక కాగితం ముక్క గుచ్చి, దాని మీద మనిషి గుర్తూ కొలతలూ రాసుకునేవాడు. మా ఏటిగట్టు చెమ్మకి ఆ కాగితాలు మెత్తబడి చిరిగిపోయేవి. ఒకావిడ జాకెట్టు ఇంకొకావిడకి ఇచ్చేసి ఇద్దరిచేతా చీవాట్లు తినడం ఆయనకి వారానికోసారి మామూలే. ఆటోలో సంచులు వేసుకెళ్ళి ఆయన ముందు కుమ్మరించాను. ఒక కార్డు తీసి వంచి చూశాడు, కన్నంలోంచి నన్ను చూశాడు. “ఓర్నాయనో! కన్నం కూడా ఆళ్ళే ఎట్టిచ్చారే కోడలా! దారం గుచ్చి కట్టేడవే! సదువుకున్నోళ్ళ తెలివే తెలివి!” అన్నాడు. ఆ పొగడ్త రెండు వారాలపాటు నాకు రోజూ భోజనంతోపాటు అరుగుతూనే ఉంది.

మాస్టారు నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చారు. బీరువా ఉండే చోట కంప్యూటర్లు చూసి ఒక్క క్షణం ఆగారు. నేను పరుగున వెళ్ళి, కుర్చీ వేసి, ఏ పుస్తకం పేరు కొట్టినా క్షణంలో ఎలా వస్తుందో చూపించాను. “బాగుందమ్మా, చాలా బాగుంది” అన్నారు మనస్ఫూర్తిగా. తర్వాత అడిగారు.

“వెనకవైపు కూడా ఎక్కించేవామ్మా?”

“వెనకవైపా? వెనకేముందండీ?”

ఆయన నావంక చూశారు. ఆ నల్లద్దాల వెనక కళ్ళెలా ఉన్నాయో నాకు కనబడలేదు. “ఏం లేదులేమ్మా” అని వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. ఆ పూటంతా పేపరు తిరగెయ్యలేదు, టీ కూడా ముట్టుకోలేదు.

అసలు సంగతి చెప్పింది అటెండరక్క. ఆవిడ పాతికేళ్ళుగా అక్కడే పని చేస్తోంది. నన్ను పుస్తకాల బీరువాల వెనక్కి లాక్కెళ్ళి, కార్డులేం చేశానో నాచేత చెప్పించి, గుసగుసగా కేకలేసింది (గుసగుసగా కేకలెయ్యడం లైబ్రరీలో పని చేసేవాళ్ళకే సాధ్యం). “ఎంత పని చేసేవే పిల్లా! ముప్పయ్యేళ్ళ కష్టవే ఆరిది! ఏ పుస్తకంలో ఏవుందో, ఎవరికి ఏదిత్తే పనికొత్తదో, సదివినప్పుడల్లా కార్డెనకాల రాసుకునేవోరు. తనెల్లిపోయాకా వొచ్చేవోళ్ళకి అయ్యన్నీ అప్పజెప్పేసి ఎల్దారని కూకున్నారే ఇన్నాళ్ళూ! నువ్వేం చేసేవు, జాకెట్లకి కట్టించేవు!” అప్పుడు గాని నాకు అర్థం కాలేదు, ఆయన అంతసేపు కార్డుకేసి దేనికి చూసేవారో. రిటైర్మెంటుకి ఇంకా రెండు నెలలే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం పోతుందని కాదు, ఆయన నన్ను ఒక్క మాట కూడా అననందుకు. స్కూటీ తీసి తిన్నగా ఫరంపేట పోయాను.

మావయ్య కొట్లో తీగ మీద వరసగా జాకెట్లు, ప్రతి జాకెట్టుకీ వేలాడుతూ ఒక పుస్తకం పేరు. చిలకపచ్చ పట్టు జాకెట్టుకి ప్రాచీన రాజనీతి, మామిడిపండు రంగు దానికి నేలబొగ్గు గనుల చరిత్ర. రాజనీతి తిప్పి చూశాను. పెన్సిల్‌తో ముత్యాల్లాంటి అక్షరాలు: “మొదటి మూడు అధ్యాయాలు వదిలెయ్యవచ్చు. నాలుగోది బంగారం.” దాని కింద బాల్ పెన్నుతో మావయ్య రాత: “చేపల మార్కెట్టు పిన్నిగారు. చెయ్యి పొట్టి. హుక్సు ముందు. ఆదివారానికి.”

“మావయ్యా, ఈ రాతలు చదవలేదా నువ్వు?” అన్నాను.

“సదవకేం? ఎవరో మనలాంటోడే, పద్ధతైన మనిషి, కొలతలు రాసుకున్నాడనుకున్నా.”

“ఇవన్నీ నాకు తిరిగిచ్చెయ్యాలి.”

“నీకేవన్నా మతిపోయిందేటే? పెళ్ళిళ్ళ రోజులు! చీటీ పీకేత్తే ఏది ఎవరిదో ఆ దేవుడిక్కూడా తెలీదు. నన్ను నలుగురూ కలిసి ఏట్లో తోసేత్తారు!” అన్నాడు. ఆయన మాటా నిజమే. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. శుభలేఖల అట్టలు కత్తిరించి, కన్నాలు పెట్టి, ఆయన రాసుకున్నవన్నీ వాటి మీదకి ఎక్కించి కట్టాకే పాత కార్డు నేను తీసుకోవాలి. రోజూ కాలేజీ అయ్యాక ఆ కొట్లో నేల మీద చతికిలబడి కూర్చుని, ఈసారి రెండు వైపులా చూసి మరీ రాశాను. అయినా ఒకచోట దెబ్బతిన్నాను. మావయ్య రాసింది ఎక్కించబోయి మాస్టారు రాసింది ఎక్కించేశాను. ఆదివారం నాడు చేపల మార్కెట్టు పిన్నిగారి జాకెట్టుకి మూడు హుక్కులు మామూలువి, నాలుగోది బంగారం రంగుది. “నువ్వే కదే రాసేవు, నాలుగోది బంగారవని?” అన్నాడు మావయ్య అమాయకంగా. ఆవిడ తిడుతుందని హడలిపోయాం గాని, కొత్త ఫ్యాషన్ అనుకుని తెగ మురిసిపోయి తోటికోడలికి కూడా అలాగే కుట్టమంది.

కొట్లో ఉన్నవీ సంచుల్లో ఉన్నవీ దొరికాయి సరే, జాకెట్లతోపాటు ఇళ్ళకి వెళ్ళిపోయినవో? మావయ్య చెప్పిన గుర్తులు పట్టుకుని ఇంటింటికీ తిరిగాను. “అమ్మా, మీ జాకెట్టుకి కట్టిన అట్టముక్క ఏమైనా ఉందాండీ?” అనడుగుతుంటే నన్ను పైనించి కిందకి చూసేవారు. ఒకరింట్లో అది మంచం కోడు కింద ఎత్తుకి పెట్టి ఉంది. ఇంకొకరింట్లో పేరు ముందు ‘శ్రీ’ అని ఉందని దేవుడి గూట్లో పెట్టి బొట్టు కూడా పెట్టారు. ఆ ముసలమ్మగారు, “ఇత్తాను గాని, కాలు తగలనీకు” అని ఒట్టేయించుకుని మరీ ఇచ్చింది. ఎంత తిరిగినా ముప్పై ఎనిమిది కార్డులు దొరకలేదు.

సంచులు తీసుకెళ్ళి మాస్టారి ముందు పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఆయన ఒక కార్డు తీసి, కళ్ళజోడు సర్దుకుని, తను రాసింది చదివి, దాని కింద ఉన్నది పైకే చదివారు. “చెయ్యి పొట్టి. హుక్సు ముందు.” మొదట భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు బయటికొచ్చేసింది. ఆ నవ్వుకి ఆపరేషన్ చేసిన కంట్లోంచి నీళ్ళు కారిపోతుంటే అటెండరక్క, “కంట్లో తడి తగలకూడదన్నారు కదండీ, నవ్వకండీ బాబూ!” అని పమిట చెంగుతో పరుగెత్తుకొచ్చింది. “కొలతలు చెరిపేసి స్కాన్ చెయ్యనాండీ?” అనడిగాను బిక్కుబిక్కుమంటూ. “వద్దమ్మా. వాడుకున్న వస్తువుకి మరక ఉంటుంది. ఉండనీ” అన్నారు. అందుకే ఇవాళ్టికీ మా డిజిటల్ కేటలాగులో కొన్ని పుస్తకాలు తెరిస్తే కొలతలు కనిపిస్తాయి, ఒకదాని మీద కుంకుమ బొట్టు కూడా ఉంటుంది.

ఆయన రిటైరైన మర్నాడు ఉదయం పదింటికి చూద్దును కదా, మాస్టారు! చేతిలో క్యారేజీ. తన కుర్చీ కేసి వెళ్ళకుండా పిల్లలు చదువుకునే బల్ల దగ్గర కూర్చున్నారు. “ఆ ముప్పై ఎనిమిదింటి వెనకా ఏం రాశానో గుర్తు లేదమ్మా. మళ్ళీ చదవాలి కదా మరి” అన్నారు. నేను మళ్ళీ ఏడ్చాను. అలా దాదాపు రెండేళ్ళు వచ్చారు. ఒక్కో పుస్తకం పూర్తయ్యాక కొత్త కార్డు మీద రాసి ఇచ్చేవారు, రెండు వైపులా తిప్పి తిప్పి చూసి స్కాన్ చేసేదాన్ని. ఆ నెపంతో నేనూ ఆయన దగ్గర కూర్చుని పుస్తకాలు చదవడం నేర్చుకున్నాను. అంతకుముందు నాకు వాటి పేర్లు టైపు చెయ్యడమే వచ్చు.

ఆయన ఆఖరి పుస్తకంలో ఉండగా అడవిపొలం నుంచి ఒకావిడ వచ్చి, పెట్టెలో చీర మడతల్లో దొరికిందని ఒక కార్డు ఇచ్చి వెళ్ళింది. సరిగ్గా ఆ పుస్తకానిదే. ఉప్పు పండించడం మీద ఇటుకంత పుస్తకం. వెనక్కి తిప్పాను. వయసులో ఉన్నప్పుడు రాసినట్టున్నారు, పెన్సిల్ నొక్కి మరీ రాశారు: “శుద్ధ దండగ. ఎవరూ చదవనక్కర్లేదు.” తలెత్తి చూస్తే మాస్టారు బల్ల దగ్గర ఆ పుస్తకం మీదే వంగి, మధ్యమధ్య తనలో తను నవ్వుకుంటూ, పేజీ తిప్పుతున్నారు. కార్డు తీసి హ్యాండ్‌బ్యాగులో పడేశాను.

మరో పది రోజులకి పూర్తి చేశారు. “తీరిగ్గా చదవాలి. చదివినకొద్దీ రుచి తెలుస్తుంది” అని రాసి ఇచ్చారు. ఇస్తూ, “ముందోసారి దీని గురించి ఏం రాసుంటానంటావమ్మా?” అనడిగారు. “ఇదేనండీ, ఇలాగే రాసుంటారు” అన్నాను తడుముకోకుండా. ఆయన చాలా సంతోషించారు.

మాస్టారు ఇప్పుడు లేరు. ఆయనతో నేనాడిన అబద్ధం అదొక్కటే. మా లైబ్రరీలో స్కాన్ కాని కార్డు కూడా అదొక్కటే. ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళకి, ఖాళీగా ఉన్నా సరే వెనకవైపు కూడా స్కాన్ చెయ్యాల్సిందేనని చెప్పి ప్రాణం తీస్తుంటాను. హ్యాండ్‌బ్యాగు మార్చినప్పుడల్లా మటుకు ఆ కార్డు తీసి, ఎవరూ చూడకుండా కొత్తదాని లోపలి జిప్పులో దాచుకుంటూ, ఈ వయసులో నీకిదేం బుద్ధే అని నన్ను నేనే కోప్పడి, నాలో నేనే నవ్వుకుంటాను.