ఖాళీ చేశాను, తీసెయ్యలేదు

తోటపల్లి గూడూరు దాటి, సముద్రం వైపు ఉన్న తుఫాను ఆశ్రయ భవనానికి మేం చేరేసరికి సాయంత్రం నాలుగూ నలభై. వాన ఏటవాలుగా కొడుతోంది. సైన్యంలో సిగ్నల్స్ వాళ్లం, ఐదుగురం. రెండు రేడియో సెట్లు, నాలుగు బ్యాటరీలు, టార్పాలిన్‌లో చుట్టిన లాప్‌టాప్. సరిహద్దు డ్యూటీ కాదు, తుఫాను సహాయం. మాది ఇదే నెల్లూరు జిల్లా, ఆత్మకూరు వైపు వరి రైతుల కుటుంబం. సముద్రాన్ని అప్పటిదాకా చుట్టపుచూపుగా చూసినవాణ్ణే.

పడవల దళం ఆరు కిలోమీటర్ల అవతల ఉంది. ఎవరెక్కడ చిక్కుకున్నారో మేం రాసి పంపాలి, వాళ్లు పడవ తియ్యాలి. బ్యాటరీల ఆదా కోసం రేడియోలో మాట్లాడేది సాయంత్రం ఆరింటికి, ఉదయం తొమ్మిదింటికి మాత్రమే. మిగతా వేళల్లో సెట్‌కి తగిలించిన లాప్‌టాప్ నుంచి చిన్న సందేశాలే. వాటిని పంపే ప్రోగ్రాము సీ భాషలో రాసింది నేనే. గర్వంగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

అందులో రెండు ముక్కలు. మొదటిది రెండోదాన్ని పనిలోకి పంపుతూ కొన్ని పేర్లు, వాటి విలువలు ఇస్తుంది. పొలానికి మనిషిని పంపుతూ చేతిలో చీటీ పెట్టినట్టు. వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. చీటీలో ‘అభ్యాసం’ అనే పేరుంటే రెండో ముక్క సందేశాన్ని బయటికి పంపదు, ఫైల్లో రాసుకుని తెర మీద ‘పంపబడింది’ అంటుంది. డ్రిల్లు నిజంలా ఉండాలని అలా రాశాను. ఆ సాయంత్రం ఆరున్నరకి డ్రిల్లు చేశాం. అయ్యాక ఆ పేరును అన్‌సెట్‌ఎన్వ్ అనే ఆదేశంతో తీసెయ్యాలి. నేను సెట్‌ఎన్వ్‌తో దాని విలువను ఖాళీ చేసి ఊరుకున్నాను. నా బొంద తెలివి. రెండో ముక్క విలువ చూడదు, పేరుందా లేదా అనే చూస్తుంది. పేరుంది.

మీకిది ఇప్పుడే చెప్పేస్తున్నాను. నాకు మర్నాడు తొమ్మిదింటికి తెలిసింది.

మర్నాడు ఉదయం ఏడూ పదికి మార్తమ్మ అనే ఆవిడ నడుంలోతు నీళ్లలో నడిచి వచ్చింది. భర్త రొయ్యల గుంట కాపలాకి పోయాడట. షెడ్డు కూలింది, మధ్యలో కాలువ తెగి ఎవరూ దిగలేకపోతున్నారు.

“కరెంటు స్తంబాన్ని పట్టుకోనుండాడన్నా. కట్ట మీద నించి చూసినా. ఆయనకి ఈత రాదు.”

టైపు చేశాను. ‘పంపబడింది’. ఏడూ పద్నాలుగు. ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుంది. ఏడున్నరకి అడిగింది. పంపానమ్మా, వస్తున్నారు అన్నాను. ఎనిమిదింటికి అడిగింది. అదే చెప్పాను. ప్రతిసారీ నమ్మి తలూపింది. మా జట్టు పెద్ద సుబేదార్ గారు సందేశం పోయిందా అని అడిగితే తెర చూపించాను. ఎనిమిదీ ఇరవైకి మళ్లీ పంపాను. మళ్లీ అదే మాట.

తొమ్మిదింటికి రేడియో ఆపరేటర్ పిలిచాడు. అటునుంచి జవాబు: “నిన్న సాయంత్రం నుంచి మీ సందేశం ఒక్కటీ అందలేదు.”

ప్రోగ్రాము తెరిచి చూశాను, ‘అభ్యాసం’ పేరు ఇంకా అక్కడే ఉంది. సుబేదార్ గారు మైకు లాక్కుని గుంట ఆనవాళ్లు చెప్పారు. తొమ్మిదీ నాలుగుకి పడవ కదిలింది. నేను ఒక్క లైను మార్చి మళ్లీ కంపైల్ చేశాను. అర నిమిషం పట్టింది.

నన్నాయన తిట్టలేదు. “తిట్లు తర్వాత. ముందు ఆ యమ్మకి చెప్పు, నువ్వే చెప్పు” అన్నారు.

చెప్పాను. సందేశం అసలు పోలేదమ్మా, తప్పు నాది అన్నాను. చెంప పగలగొట్టినా బాగుండేది.

“ఇప్పుడు పోయిందా అన్నా?” అంది.

పోయింది, పడవ కూడా బయల్దేరింది అన్నాను. కొంగు తల మీద కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది. మధ్యలో ఆగి నా పేరేమిటని అడిగింది. చెప్తే అది కూడా ప్రార్థనలో కలుపుకుంది. నాకు ఏడుపాగలేదు.

పదీ యాభైకి పడవ వచ్చింది. మనిషి బతికే ఉన్నాడు.

పదకొండో రోజు లారీ ఎక్కి యూనిట్‌కి వెళ్లిపోయాం. మరో ఏడేళ్లు చేసి సర్వీసు నుంచి దిగిపోయాను. ఇప్పుడు నెల్లూరులో కాలేజీ పిల్లలకి సీ చెబుతున్నాను. ఖాళీ చేస్తే తీసేసినట్టే గదా సార్ అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అంటారు. కాదని చెప్తాను. ఎందుకు కాదో బోర్డు మీద రాసి చూపిస్తాను. మార్తమ్మ సంగతి మాత్రం చెప్పను, నోరు రాదు.

ఆ రోజు ఆమె భర్తని దుప్పటి కప్పి పడుకోబెట్టినా, రెండు చేతులూ ఇంకా స్తంభాన్ని పట్టుకున్నట్టే వంగి ఉండిపోయాయి. మార్తమ్మ వాటిని ఒళ్లో పెట్టుకుని, నోటితో ఆవిరి ఊదుతూ, రుద్దుతూ ఒక్కో వేలూ తెరుస్తోంది. ఐదో వేలికి వచ్చేసరికి మొదటిది మళ్లీ ముడుచుకుంటోంది.